నాయన మగ్గం దూలం

ఆ చీరల షోరూములో మా నాయన మగ్గం దూలం మీద నేను మొదట చూసిన చెప్పులు నా కూతురివే.

లోహితకు నాలుగేళ్ళు. ఎవరింటికి పోయినా చెప్పులు విప్పి జతగా పెట్టడం దానికి నేనే నేర్పాను. గురువారం పొద్దున షోరూము గుమ్మంలో వాచ్‌మన్ "ఈడ పెట్టు పాపా" అని చూపించగానే అది గులాబీరంగు చెప్పులు రెండూ చెక్క మీద పెట్టి, పట్టీలు కూడా సర్ది, సరిగ్గా పెట్టానా అన్నట్టు నా మొహంలోకి చూసింది. మెచ్చుకుందామని నోరు తెరిచాను. అప్పుడు కనిపించింది, ఆ చిన్న చెప్పుల మధ్య పసుపు మచ్చ.

అరచేతి వెడల్పు మచ్చ అది. ముప్పై ఏళ్ళ పాటు ప్రతి ఆయుధపూజకూ మా అమ్మ అదే చోట పసుపు రాసి, కుంకుమ పెట్టింది. రాసి రాసి ఆ పసుపు కొయ్య లోపలికి దిగిపోయింది. అమ్మ పోయి ఆరేళ్ళయినా అది పోలేదు. దూలమంతా ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసినప్పుడు కూడా నేను ఆ మచ్చ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపాను. దాని చుట్టూ మాత్రమే రుద్ది, పైన వార్నిష్ వేశాను. అమ్మ చేతి పసుపు వార్నిష్ కింద నుంచి మెరిసింది. ఇప్పుడు దాని మీద చెప్పులు.

కింద మూడు అరల్లో ఇంకా ఉన్నాయి. బురద బూట్లు, ఎత్తు మడమల చెప్పులు, పట్టీ తెగిపోతే పిన్నీసు పెట్టినవి. నా పక్కనే ఒకాయన దూలం మీద కాలు పెట్టి తీరిగ్గా బూటు లేసు కట్టుకుంటున్నాడు.

లోహిత చెప్పులు లాగేశాను. అది అదిరిపోయి ఏడుపు మొదలుపెట్టింది. "సరిగ్గానే పెట్టినా కదమ్మా" అంటుంది. దానికేం తెలుసు? దాన్ని ఎత్తుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని, ఆ బూటాయనతో "కాలు తియ్యండి" అన్నాను.

"ఏం మా?"

"దాని మీద నుంచి కాలు తియ్యండి సార్."

"చెప్పుల స్టాండు మీద కాలు పెట్టక తల పెడతారా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలంటే, ఆ దూలం నా చేతికి ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి.

మాది నగరి. నాయన చౌడప్ప గుంటమగ్గం మీద, నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, చీరలు నేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు జబ్బు చేసింది. నూలు కండెలు చుట్టే మనిషి లేక నన్ను బడి మాన్పించారు. వచ్చే ఏడాది మళ్ళీ చేరుదువులే అన్నారు. ఆ వచ్చే ఏడాది రాలేదు. పెళ్ళయి తిరుచానూరు వచ్చాను. నా భర్త మురుగేష్ ట్రాలీ ఆటో తోలుతాడు. తిరుచానూరులో లాడ్జీలకు లెక్కలేదు. ఎప్పుడూ ఏదో ఒక లాడ్జి రంగులు మార్చుకుంటూ ఉంటుంది, మార్చినప్పుడల్లా పాత మంచాలు, కుర్చీలు, టీపాయిలు వెనక సందులో పారేస్తుంది. వాటిని పాత సామాన్ల అంగడికి చేర్చే బాడుగ మురుగేష్‌ది. ఒకసారి కాలు విరిగిన టీపాయి ఒకటి ఇంటికి తెచ్చాడు, నీళ్ళ పొయ్యిలోకి పనికొస్తుందని. నేను పొయ్యిలో పెట్టలేదు. కాలు అతికించి, గుంటల్లో లప్పం పెట్టి, రుద్ది, నీలం రంగు వేశాను. పక్కింటి మునిరత్నమ్మత్త చూసి "ఇది యాడ కొన్నావే?" అని అడిగింది. ఆ మాటతో మొదలైన పని నాలుగేళ్ళుగా చేస్తున్నాను. కొంత ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నది, కొంత నాయన మగ్గం బాగుచేసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చూసింది.

ఒక్కటే భయం. లోహితకు ఆయాసం ఉంది. చెక్క దుమ్ము తగిలితే ఎదలో పిల్లికూతలు వస్తాయి. అందుకే తడిపి రుద్దుతాను. పిల్ల మునిరత్నమ్మత్త ఇంట్లో ఉన్నప్పుడే రుద్దుతాను. రంగు డబ్బా మూత తీసే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాను. అయినా అది ఒక్కసారి దగ్గితే చాలు, నా చేతుల వల్లే అనిపిస్తుంది.

పోయిన ఏడాది మా అన్న రవిచంద్ర ఇంట్లో పవర్‌లూములు పెట్టాడు. మగ్గం గుంట పూడ్చి సిమెంటు వేశాడు. మగ్గం కొయ్యంతా బేకరీ పొయ్యికి తూకానికి వేశాడు. వీధిలో ఒక్కరు కూడా ఇదేందప్పా అనలేదు. నాయన కూడా అనలేదు. గుడ్డ చుట్టే దూలం ఒక్కటి తీసి అటక మీద పెట్టుకున్నాడు. నేసే మనిషి కడుపుకు ఆనుకుని ఉండే దూలం అది. నేసిన చీర నేసినట్టు దానికే చుట్టుకుంటుంది. అయిదడుగుల పొడవున్న నలుపలకల టేకు కొయ్య. నాయన కడుపు ఒరుసుకుని ఒరుసుకుని ఒక పక్క అద్దంలాగా అయిపోయింది.

నేను నగరి పోయినప్పుడు దాన్ని కిందికి దించి నా ముందు పెట్టాడు.

"అటక మీద చెదలు పడతా ఉండాది పాపా. నువ్వు పాతవన్నీ కొత్తవి చేస్తావంటనే. దీన్ని గూడా ఏదో ఒకటి సెయ్యి. నలుగురూ సూసే తావులో ఉండనీ."

"ఏం సెయ్యమంటావు నాయనా?"

"నీ ఇష్టం. కాళ్ళు మాత్రం తగలనీయొద్దు."

"తగలనీను" అన్నాను. అని ఊరుకోవచ్చు కదా? ఒళ్ళో ఉన్న లోహిత తల మీద చెయ్యి పెట్టి "ఒట్టు" అన్నాను.

నాయన నా చెయ్యి లాగేశాడు. "బిడ్డ మీద ఒట్టేందే! బుద్ధి ఉండాదా నీకు?"

అప్పటికే అనేశాను.

నెల తిరక్కుండా తిరుపతి నుంచి బాలచంద్ర అనే ఆయన ఫోన్ చేశాడు. పెద్ద పట్టుచీరల షోరూము ఆయనది. తిరుచానూరులో ఒక లాడ్జికి నేను చేసిచ్చిన కౌంటరు బల్ల చూశాడట. "పాతకాలం నాటిదాని మాదిరి ఉండాల మా. ఒక ర్యాకు. అయిదడుగుల పొడవు, అడుగు లోతు, అరకూ అరకూ మధ్య ఆరంగుళాలు" అని చెప్పాడు.

దేనికి అని నేను అడగలేదు. ఇందులో నా తప్పు ఉంటే అదే. మా ఇళ్ళలో అడగరు. షావుకారు వచ్చి ఇంత పొడవు, ఇంత పన్నా, ఈ రంగు అంచు అని చెబితే నాయన అడిగేది ఒకే మాట, ఎప్పటికి కావాలి అని. ఎవరు కట్టుకుంటారు, ఎక్కడికి పోతుంది అని నేసేవాళ్ళు అడగరు. ఎక్కువ అడిగితే ఆర్డరు పక్కింటి మగ్గానికి పోతుంది. ఆ భయం నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. ఆరంగుళాల అరలో ఏం పెడతారు? మడత పెట్టిన చీరలు అనుకున్నాను. చీరల షోరూములో ఇంకేం పెడతారు? చీరలు చుట్టుకున్న దూలం మళ్ళీ చీరల మధ్యకే పోతుందని, ఇంతకంటే మంచి తావు దొరకదని మురిసిపోయి, నాయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

పది రోజులు పట్టింది. పక్కలకూ అరలకూ లాడ్జి మంచాల చెక్కలు వాడాను. దూలాన్ని అన్నిటికంటే పైన, ముందు వైపున పెట్టాను. మగ్గానికి ఇనప మేకు కొట్టకూడదంటాడు నాయన. నేనూ కొట్టలేదు. రెండు నిలువు చెక్కలకూ బెజ్జాలు తొలిచి, దూలం కొనలు వాటిలోకి దూర్చి, అటొక కొయ్యచీల ఇటొక కొయ్యచీల దిగ్గొట్టాను. మొత్తం ర్యాకును పట్టుకునేది ఆ రెండు చీలలే. కింది నుంచి ఒక్క దెబ్బ వేస్తే ఊడొస్తాయి. మగ్గం మీద దూలాన్ని తీయాల్సి వచ్చినప్పుడు నాయన తీసేది అట్లాగే.

దాన్ని పంపిన రోజు లోహితకు ఆయాసం ఎక్కువై నేను ఆస్పత్రిలో ఉన్నాను. మురుగేష్ ఒక్కడే పోయి షోరూము వెనక గోడౌన్‌లో దించి వచ్చాడు. ఎక్కడ పెట్టారో ఇద్దరమూ చూడలేదు. ఆదివారం వచ్చి చూస్తానని నాయన కబురు చేశాడు. ఆయన కంటే ముందు ఒకసారి చూసి వద్దామని నేను గురువారం పోయాను. పోయి చూసింది ఇది.

పిల్లను ఎత్తుకుని లోపలికి పోయాను. పరుపు మీద కూర్చుని చీరలు మడతపెడుతున్న ముసలాయన నన్ను చూసి లేచి వచ్చాడు.

"నువ్వు చౌడప్ప కూతురివి గదా? నేను మునస్వామిని మా. మీ వెనక వీధే మాది. మగ్గం అమ్ముకుని ఈడ చేరినా."

"అయితే అదేందో నీకు తెలుసా మామా?" అని గుమ్మం వైపు చూపించాను.

ఆయన గొంతు తగ్గించాడు. "పసుపు సూస్తానే తెలిసింది. దినామూ పొద్దున తడిగుడ్డతో తుడిసి దండం పెట్టుకుంటా ఉండా."

"దండం పెట్టుకుని, ఆ మీదట చెప్పులు పెట్టిస్తావా?"

"నేను జీతగాడిని మా. ఈ వయసులో నోరు తెరిస్తే యాడికి పోవాల?"

ఆయన మీద కూడా మండిపోయింది నాకు. ఆ బూటాయనకు తెలియదు. ఈయనకు తెలుసు. మొక్కి మరీ తొక్కనిస్తున్నాడు.

బాలచంద్ర కౌంటరు దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"రా మా రా! నీ స్టాండు సూపరు. యాడ చేపిచ్చినారని వచ్చినోళ్ళంతా అడగతా ఉండారు."

"సార్, అది చీరలకని చేసినాను."

"చీరలకా! ఆరంగుళాల అరలో చీరలెవరు పెడతారు మా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఆ పైనుండేది మా నాయన మగ్గం దూలం సార్. దానికి కాళ్ళు తగలకూడదు."

సిగ్గుపడతాడని అనుకున్నాను. అయ్యో, తెలియదమ్మా అంటాడని అనుకున్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేశాడు.

"నిజం మగ్గమా? నిజంగా నేసిందేనా? ఈ మాట ముందే చెప్పకూడదా! బోర్డు రాయించి పెట్టుంటాను గదా, నూరేండ్ల మగ్గంతో చేసిందని!"

"నూరు కాదు సార్, ముప్పై."

"ఎవురు లెక్కబెట్టొచ్చినారు లే."

"బోర్డు వద్దు సార్. అది నాకిచ్చేయండి. ఇంకోటి చేసిస్తాను, దీనికంటే బాగా."

"ఇచ్చేదేంది? కొనుక్కున్నా గదమ్మా. నా వస్తువు. నెత్తిన పెట్టుకుంటానో కాళ్ళకాడ పెట్టుకుంటానో నా ఇష్టం."

"మీరు అమ్మేది అట్లాంటిదాని మీద నేసిందే గద సార్. అల్మరాలో చీరకు దండం పెడతారు, అది నేసిన కొయ్య మీద చెప్పులు పెడతారా?"

"మాటకు మాట చెప్పొద్దు. నేనొకటి అడుగుతా, చెప్పు. మీ నాయన మగ్గాన్ని కాళ్ళతోనే గదా తొక్కినాడు? అప్పుడు రాని పాపం ఇప్పుడు యాడి నుంచి వచ్చె?"

చీరలు చూపిస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ మాట నాకు తగిలింది. అబద్ధం కాదు కాబట్టి ఇంకా ఎక్కువ తగిలింది.

"కాళ్ళు కడుక్కుని దిగేవాడు సార్" అన్నాను. "గుంటలో దిగే ముందు చెంబుడు నీళ్ళు పోసుకుని, తుడుచుకుని దిగేవాడు. ఆ కాళ్ళు తొక్కేది అడుగునుండే చెక్కల్ని. ఈ దూలం కడుపుకాడ ఉంటాది. మీ కడుపు మీద చెప్పులు పెడితే ఊరుకుంటారా?"

నవ్వులు ఆగిపోయాయి. చీరలు చూస్తున్నవాళ్ళు తలలు తిప్పారు. బాలచంద్ర గబగబా కౌంటరు దాటి వచ్చాడు.

"అరవొద్దు మా, కస్టమర్లు ఉండారు. సరే, ఇంకోటి చేసుకుని రా. నచ్చితే మారుస్తా, పో."

మారుస్తా అన్నాడు. ఆ మాట అందరూ విన్నారు.

ఇంటికి వచ్చి చెబితే మురుగేష్ తల గోక్కున్నాడు. "ఆదివారం షోరూము సెలవని చెప్పేద్దాం మీ నాయనకు."

"ఆదివారం చీరలంగడి సెలవంటే ఎవరన్నా నమ్ముతారా?"

"అయితే యాత్రికులతో రోడ్డంతా జామయిందని చెబుదాం. అదెట్లాగూ నిజమే గదా."

"మావా, నేను లోహిత మీద ఒట్టేసినాను."

ఆయన ఆటో తాళం తీసుకుని పోయి, సాయంత్రానికి రెండు లాడ్జి మంచాల తలవైపు పలకలు తెచ్చి వాకిట్లో దించాడు. వాటి వెనక ఎర్రరంగుతో రూము నంబర్లు ఇంకా ఉన్నాయి.

శుక్రవారం, శనివారం అదే పని. మైకా ఊడదీసి, నంబర్లు గీకి, చెక్క కోసి, లప్పం పెట్టి, ముదురు రంగు వేసి, అంచుల మీద మళ్ళీ ఆ రంగు రుద్దేశాను. పాతదాన్ని కొత్తగా చేస్తే సరిపోదు ఇప్పుడు, కొత్తగా చేసి మళ్ళీ పాతదిలా కనిపించేట్టు చెయ్యాలి. గిరాకీ దానికే. ఈసారి మేకులే కొట్టాను. ఎవరి కడుపూ ఆనని చెక్కలు ఇవి, చెప్పులకు బాగానే ఉంటాయి.

శనివారం మధ్యాహ్నం మునిరత్నమ్మత్త ఇంటి నుంచి లోహిత దగ్గు వినిపించింది. రెండుసార్లు. చేతిలో ఉప్పుకాగితం పారేసి పరిగెత్తాను. అత్త కనకాంబరాలు కడుతోంది, అది పక్కన కూర్చుని మురుకులు తింటోంది. "పొరబోయింది లేవే, ఎందుకట్లా వచ్చినావు?" అంది అత్త. నేను పిల్ల ఎద మీద చెవి పెట్టి విన్నాను. కూతలు లేవు. అయినా ఆ దగ్గు దుమ్ముదా, ఒట్టుదా అన్న అనుమానం నన్ను వదల్లేదు.

ఆదివారం షోరూము తెరిచే వేళకు పోయి, నాయన వచ్చేలోపల మార్చేయాలనుకున్నాను. నాయన మొదటి బస్సుకే ఎక్కేశాడు. ఎనిమిదిన్నరకే మా గుమ్మంలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు, లోహితకు జాంగ్రీల పొట్లం. ఇక తప్పలేదు. నాయన, లోహిత ముందు సీట్లో మురుగేష్ పక్కన ఇరుక్కున్నారు. నేను వెనక కొత్త ర్యాకు పట్టుకుని కూర్చున్నాను.

"ఇదెవరికి పాపా?" అని నాయన ముందు నుంచి అరిచాడు.

"అదే షోరూముకు నాయనా."

"దేనికంట?"

"చెప్పులకు."

"మంచిదే. చీరలకొకటి, చెప్పులకొకటి. మర్యాద తెలిసినోడే."

మురుగేష్ అద్దంలోంచి నన్ను చూశాడు. నేను ర్యాకు వెనక తల దాచుకున్నాను.

షోరూము ముందు ఆటో ఆగింది. "నువ్వు కూర్చో నాయనా, మేం ఇది దించి వస్తాం" అని, మురుగేష్‌ను రెండో వైపు పట్టుకోమని లోపలికి పోయాను. అప్పటికే జనం ఉన్నారు. ముహూర్తాల రోజులు. దూలం నిండా చెప్పులు. దాని పైన గోడకు కొత్త బోర్డు. బంగారు రంగు అక్షరాలు:

"నూరేళ్ళ నాటి చేనేత మగ్గంతో చేసిన చెప్పుల స్టాండు. మన సంస్కృతిని మనమే కాపాడుకుందాం."

ఒకటికి రెండుసార్లు చదివాను.

బాలచంద్ర వచ్చి కొత్త ర్యాకు మీద చెయ్యి వేసి అటూ ఇటూ చూశాడు. "బాగుండాది మా. బలే బాగుండాది. ఇది ఆడోళ్ళ చెప్పులకు పెడదాం. అది మొగోళ్ళకు. రెండూ ఉండనీ."

"మారుస్తానన్నారు గద సార్!"

"బోర్డు రాయించినా గదమ్మా. నిన్న ఒక్కరోజే ఎంతమంది ఫోటోలు తీసుకున్నారో తెలుసునా? నీ పేరు గూడా వేయిద్దామా కింద?"

"నా పేరు వద్దు. మాట మీద నిలబడండి. అందరి ముందరా చెప్పినారు."

"నచ్చితే అన్నా. నాకు రెండూ నచ్చినాయి."

నేను ఏదో అనబోయాను. బాలచంద్ర చూపు నా మీద లేదు. నా వెనక ఎవరినో చూస్తున్నాడు. తిరిగాను.

నాయన గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. చెప్పులు ఫుట్‌పాత్ మీదే విప్పేశాడు. చంకలో లోహిత. తల ఎత్తి బోర్డు చదువుతున్నాడు, ఒక్కో అక్షరం పెదాలతో పలుకుతూ. చదవడం అయింది. కళ్ళు కిందికి దించి దూలం చూశాడు. దాని మీదున్న బూట్లు చూశాడు.

"పాపా, ఈడ రాసిండేది మన మగ్గం గురించేనా?"

తల ఊపాను.

"చెప్పుల స్టాండని రాసినారే."

"నాకు తెలీదు నాయనా. ర్యాకు కావాలన్నాడు, కొలతలిచ్చినాడు. దేనికని నేను అడగలేదు. చీరలకే అనుకున్నా. గురువారం చూసినా. మార్చమంటే మార్చనంటా ఉండాడు." అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చివరికి వచ్చేసరికి ఏడుపు వచ్చేసింది. "నేను అడగలేదు నాయనా."

నాయన మళ్ళీ దూలం వైపు చూసి, "నేను గూడా ఎప్పుడూ అడగలేదు లే" అన్నాడు.

లోహితను నా చేతికిచ్చి, దూలం ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని మీదున్న చెప్పులన్నీ ఒక్కో జతా తీసి, జాగ్రత్తగా, ఏ జత ఆ జతగానే నేల మీద పెట్టాడు. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు కానీ, అంత మర్యాదగా చెప్పులు తీస్తున్న పెద్దమనిషిని ఏమనాలో తెలియక ఆగిపోయాడు. నాయన తువ్వాలుతో పసుపు మచ్చ తుడిచాడు. తర్వాత దూలం కొన కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"చీలలేనా?"

"చీలలే నాయనా."

"మేకు యాడా కొట్టలేదు గదా?"

"లేదు."

చెయ్యి చాచాడు. దూలం ఊడదీసుకోవడానికని నా సంచిలో కొయ్యసుత్తి తెచ్చుకున్నాను. పిల్లను దించి, సుత్తి తీసి ఆ చేతిలో పెట్టాను.

ఒకటే దెబ్బ, కింది నుంచి. చీల పైకి ఎగిరి వచ్చింది.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తా ఉండావయ్యా!" బాలచంద్ర పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నా సొత్తది! పోలీసుల్ని పిలస్తా!"

నాయన సుత్తి నాకు ఇచ్చాడు. "ఆ పక్కది నువ్వు కొట్టు."

కొట్టాను. నిలువు చెక్కలు పక్కకు ఒరిగాయి, దూలం జారింది. నేను సుత్తి వదిలేసి పట్టుకునేలోపలే ఇంకో రెండు చేతులు దాని కొనను పట్టుకున్నాయి. మునస్వామి. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నా వైపు చూడలేదు, ఓనరు వైపూ చూడలేదు. "పట్టుకున్నా చౌడప్పన్నా, నువ్వు లెయ్" అన్నాడు.

నాయన లేచి దూలాన్ని భుజానికెత్తుకున్నాడు. అరలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బూట్లు, చెప్పులు గుమ్మమంతా దొర్లాయి. కొన్న చీరల సంచులతో వస్తున్నవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒక పెద్దామె తన చెప్పులు చేతిలోకి తీసుకుని, బోర్డు వైపూ నాయన భుజం మీది దూలం వైపూ చూసి, బాలచంద్ర మీద ఎగిరింది. "మగ్గమని గోడ మీద రాసుకుని దాన్నే నాతో తొక్కిస్తివి గదయ్యా! మనిషివేనా?"

"మీ చెక్కలన్నీ ఈడనే ఉండాయి సార్, ఎంచుకోండి" అన్నాడు మురుగేష్. "కొత్త స్టాండు గూడా పెట్టినాం. చెప్పులకు ఏం తక్కువ లేదు."

బాలచంద్ర నన్నే చూస్తున్నాడు. "నీకు తిరుపతిలో ఇంక ఒక్క ఆర్డరు రాకుండా చేస్తా" అన్నాడు. చేయగలడు కూడా. నాకు భయం వేయలేదని చెప్పను. ఆ రోజు నుంచి ఫోన్ మోగినప్పుడల్లా భయంగానే ఉంది, మోగకపోయినా భయంగానే ఉంది. కానీ ఆ నిమిషంలో నాకు ఆయన మొహం కాదు, ఆయన తల పైన బోర్డు కనిపిస్తోంది. ర్యాకు కూలిపోయినా అది మాత్రం గోడకు అట్లాగే ఉంది, మన సంస్కృతిని మనమే కాపాడుకుందామని, చెల్లాచెదురుగా పడిన బూట్ల మీద.

నాయన మాత్రం ఆయనతో నెమ్మదిగానే మాట్లాడాడు. "కాలు తగలకుంటే నీ కాడనే ఉంచేవాడిని అప్పా" అన్నాడు. బయటికి వచ్చి, దూలం ఆటోలో పెట్టిన తర్వాతే చెప్పులు వేసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురమూ వెనకే కూర్చున్నాం. దూలం నాయన ఒడిలో అడ్డంగా, కడుపుకు ఆనుకుని. ఆటో కుదిపినప్పుడల్లా రెండు చేతులతో దాన్ని తన వైపు లాక్కుంటున్నాడు. లోహిత నా పక్కన కదలకుండా కూర్చుంది. షోరూము గుమ్మంలో నేను దించగానే విప్పుకున్న చెప్పులు రెండూ ఎదకు పట్టుకుని ఉంది. వేసుకోమ్మా అంటే వేసుకోదు. కింద పెట్టమంటే పెట్టదు. ఇంటి దగ్గర ఆటో దిగి, ఉత్తకాళ్ళతో గడప దాకా నడిచి, అక్కడ ఆగి నన్ను అడిగింది.

"అమ్మా, ఈడ పెట్టొచ్చా?"

నాయన దూలం భుజాన మోస్తూ వెనకే నిలబడ్డాడు. నేను వంగి గడప పక్కన నేల అంతా చూశాను. మట్టి, రెండు చెక్కపేళ్ళు, అంతే.

"పెట్టొచ్చు" అన్నాను.